మామగారి కంచంలో పెరుగు

మొన్న చిలకలూరిపేటలో పెళ్లి భోజనాల దగ్గర పెరుగు గిన్నె మా వరసలోకి వచ్చిందో లేదో, మా ఆడపడుచు పక్కావిడతో, నాకు వినపడేటట్టే, "మా నాన్నకి పోయేముందు ఇంత పెరుగు ముద్ద కూడా దక్కనివ్వలేదమ్మా మా వదిన" అంది. చుట్టాలందరూ చెప్పుకునే కథ ఇదే. పెళ్లి పందిట్లో తగువెందుకని ఊరుకున్నాను గానీ, జరిగిన తీరు అది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. మామగారికి కిడ్నీలు చెడిపోతే, వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించేవాళ్లం. ఆయన ఉప్పు మానేశారు, నీళ్లు చిన్న గ్లాసుతో కొలుచుకుని తాగేవారు. కానీ పెరుగు పడందే భోజనం అయినట్టు కాదు కదా మనవైపు, దాన్ని మాన్పించే జోలికి మాత్రం ఎవరమూ పోలేదు. ఆ యేడు కల్లంలో మిరపకాయలు ఎండుతుండగా ఆయనకి ఒళ్లంతా దురద పట్టుకుంది. వీపు గోడకేసి రుద్దుకునేవారు, పిక్కలు నెత్తురొచ్చేదాకా గోక్కునేవారు. మిరప పండించే ఊళ్లో దురదంటే ఎవరైనా ఏమనుకుంటారు? కల్లం ఘాటన్నారు, వేడి చేసిందన్నారు, చలవకని పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం గడ్డపెరుగు, పడుకోబోయేముందు పాలు పట్టారు. ఆడపడుచు అద్దంకి నుంచి గేదె పెరుగు మోసుకొచ్చింది. దురద తగ్గితే ఒట్టు.

చివరికి రక్తపరీక్ష చూసిన డాక్టరుగారు, అది కల్లం దురద కాదనీ, రక్తంలో భాస్వరం పెరిగిపోయిందనీ, పాలూ పెరుగూ పప్పులూ బాగా తగ్గించాలనీ, తిండిలో భాస్వరాన్ని పట్టేసేందుకు తానిచ్చే మాత్రని అన్నం తిన్నాక కాకుండా, తింటుండగా మధ్యలోనే మింగాలనీ గట్టిగా చెప్పారు. తిరుగు బస్సులో మామగారు గోక్కుంటూనే, "పత్తిచేలో నేను చల్లిన భాస్వరం చాలక దేవుడు నా ఒంట్లోనూ చల్లాడటే అమ్మాయ్!" అని నవ్వారు.

ఆ పూట నుంచి పెరుగు గిన్నెని వంటింటి గడప దాటనివ్వలేదు. ముద్దల మధ్య ఆ మాత్ర మింగేదాకా ఎదురుగా కూర్చునేదాన్ని. అత్తగారు నాతో మాటలు మానేసింది. నా నోరు మంచిది కాదని ఊరంతా ఎరుగుదురు. ఆ నోరు వాడకుండా ఆ ఇంట్లో ఈ పని అయ్యేది కాదు. కొన్ని వారాలకి ఆయన వీపు మీద పుండ్లు మానాయి, ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయారు. చుట్టాల కథలో ఈ ముక్క ఉండదు.

మరుసటి చలికాలంలో గుండె ఆగి పోయారు. అంతకు ముందురోజే ఆడపడుచు తను తెచ్చిన పెరుగు ఆయన కంచంలో వెయ్యబోతే, ఆయనే అరచెయ్యి అడ్డం పెట్టారు. నేను గుమ్మంలో ఉన్నాను.

ఇప్పుడు మనవైపు చిన్న ఊళ్లలోనూ డయాలసిస్ మంచాలు వచ్చాయి. ఏం తినాలో, ఏం తినకూడదో తెలుగులో రాసి చేతిలో పెడుతున్నారు. కోడలు చెడ్డదై కాపలా కాయాల్సిన పని తప్పింది. అయినా బస్సు కల్లాల పక్కగా పోతున్నప్పుడు ఆ ఘాటు ముక్కుకి తగిలితే, కంచం మీద అడ్డంగా పెట్టిన ఆ చెయ్యే కళ్లకు కడుతుంది. దురద లేని నిద్ర ఎంత సుఖమో తెలిసి పెట్టారా, గుమ్మంలో నేనున్నానని పెట్టారా?