మింగిన దగ్గు

ఏడో తరగతిలో మా లెక్కల సారు ఒకరోజు, నువ్వు రాకపోతే ఈ క్లాసు బాగుపడుతుందిరా అన్నారు. అప్పటిదాకా ఎవరి మాటా వినని వాణ్ణి, ఆ ఒక్క మాట విన్నాను. మర్నాటి నుంచి పోలేదు. క్లాసు బాగుపడిందో లేదో తెలియదు. నేను మాత్రం కారు తోలడం నేర్చుకున్నాను. యూనివర్సిటీని ఆనుకున్న మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లు తీసుకున్నాను. రోజుకు నాలుగుసార్లు క్యాంపస్‌లోకి పోయి వస్తుంటాను. ఇన్నేళ్లు యూనివర్సిటీకి పోయి ఒక్క పరీక్షా రాయనిది నేనొక్కణ్ణే అని కారెక్కిన వాళ్లతో అంటే నవ్వుతారు.

నవ్వించడం నాకు తేలిక. అందుకే ఈ ముచ్చట కూడా నవ్వుతోనే మొదలుపెట్టాను. అలవాటు.

నా గొంతులో తొమ్మిదేళ్లుగా ఒక దగ్గు ఉంది. జబ్బు దగ్గు కాదు. ఒక సాయంత్రం, నలుగురి ముందు రావాల్సిన దగ్గు. వచ్చింది కూడా. నేను మింగేశాను. అది లోపలికి పోయి అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు. అన్నం తింటుంటే అడ్డం పడుతుంది, నవ్వుతుంటే అడ్డం పడుతుంది. ఎవరింట్లోనైనా పోపులో ఎండుమిరపకాయ మాడితే చాలు, నేను లేచి బయటికి వెళ్లిపోతాను. పొగ పడదు అని చెబుతాను. మీకైనా నిజం చెబుతాను.

నా బిడ్డ పేరు అక్షర. నాకు అంటని అక్షరాలు పేరులోనైనా ఇంట్లో తిరగాలని పెట్టుకున్నాను. అప్పటికి దానికి ఏడో నెల. నాది ఏడో తరగతి, దానిది ఏడో నెల, ఇద్దరం ఒకటే అనేవాణ్ణి.

ఎండలు ముదురుతున్న రోజులు. ఆదివారం. పాపను మొదటిసారి సరదాగా బయటికి తీసుకుపోతున్నాం. దూరమేమీ కాదు, క్యాంపస్‌లోనే చెట్ల కింద చాప పరచుకుని, పులిహోర తిని, ఎండ ఎక్కకముందే వచ్చేయాలని. నా భార్య సుజాత, మా అత్త, సుజాత అక్క లలిత వదిన, పాప, నేను. వదినకు పెళ్లయి అప్పటికి ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. అనకుండా ఉండడమే పెద్దగా వినిపించేది.

పాపను తయారు చేసింది వదినే. కాళ్ల మీద పడుకోబెట్టుకుని, కాటుకతో బుగ్గన ఒక చుక్క, అరికాలికి ఒక చుక్క పెట్టింది. ముద్దు పెట్టుకుని, "నా దిష్టే తాకేటట్టున్నది గదనే బంగారం" అన్నది. మీ ఇళ్లలోనూ అంటారు. పిల్లను చూసి కడుపు నిండినప్పుడు వచ్చే మాట అది. తాకకూడదనే అంటారు. అందరూ విని మరిచిపోతారు. నేను మరిచిపోలేదు.

పదిన్నరకల్లా తినడం అయిపోయింది. పాప నిద్రపోయింది. ఆడవాళ్లు అవతల రాతి భవనం మెట్ల మీద ఫొటోలు దిగుతామన్నారు. పడుకున్న పిల్లను ఎండలో ఎందుకు తిప్పడం, కారులో పడుకోబెట్టి నేను కూర్చుంటా అన్నాను. సుజాత పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేనున్నా కదా, పొమ్మన్నాను.

కారు వేపచెట్టు నీడలో ఉంది. కాసేపు ఏసీ వేసుకుని కూర్చున్నాను. పాప ముక్కు చల్లబడిందని ఆపేశాను. అప్పుడే రోడ్డుకు అవతల చాయ్ బండి దగ్గర నుంచి తెలిసిన డ్రైవర్లు ఇద్దరు చేయి ఊపారు. చుట్టుపక్కల కుక్కలు తిరుగుతున్నాయి. అద్దాలు పూర్తిగా ఎక్కించి, తాళం వేసి వెళ్లాను. ఐదు నిమిషాలు అనుకున్నాను.

ఒక జోకు వేశాను. నవ్వారు. ఇంకొకటి వేశాను. ఒక నవ్వు ఆగేలోపు ఇంకో నవ్వు పుట్టించకపోతే నాకు ఊపిరాడదు, అదేం జబ్బో. చాయ్ తాగే స్టూడెంట్లు కూడా చెవులు ఇటు వేశారు. అంతమంది వింటున్నప్పుడు మధ్యలో లేచిపోవడం నా వల్ల కాలేదు. బండరాళ్ల వైపు నుంచి నెమలి అరిచింది. రెండుసార్లు. క్యాంపస్‌లో నెమళ్లు ఉంటాయి, దూరం నుంచి వింటే పిల్ల ఏడ్చినట్టే ఉంటుంది. ఆ అరుపు మీద కూడా ఒక జోకు వేశాను. ఆ రోజు నేను విన్నది నెమలినేనా? ఎన్నోసార్లు అదే చాయ్ బండి దగ్గర, అదే వేళకు నిలబడి విన్నాను. తేలలేదు.

కొత్తగా బండి పట్టిన వాళ్లకు నేనే చెబుతుంటాను. నీడ ఉన్నచోట బండి పెట్టకండి, నీడ రాబోయే చోట పెట్టండి, నీడకు కాళ్లుంటాయి అని. నేను తిరిగి వచ్చేసరికి వేపచెట్టు నీడ పక్కకు జరిగి ఖాళీ మట్టి మీద పడుంది. కారు మీద ఎండ. ముందద్దం వైపు చూడలేకపోయాను. అరగంట దాటింది.

తలుపు తీస్తే లోపలి గాలి పొయ్యి మీది మూత తీసినట్టు మొహానికి కొట్టింది. పాప ఏడవడం లేదు. ఏడ్చినా బాగుండేది. మొహం కందిపోయింది, వెంట్రుకలు నుదుటికి అతుక్కున్నాయి, బుగ్గ మీది చుక్క కరిగి చెవి దాకా పాకింది. బయటికి తీశాను. ఊదాను. ఇంజను వేశాను, అద్దాలు దించాను, ఏసీ పెట్టాను. చూడండి, పిల్ల అలా ఉంటే కూడా నా చేతులు కారును ముందున్నట్టు సర్దుతున్నాయి. ఆడవాళ్లు వచ్చేసరికి నేను పిల్లను భుజాన వేసుకుని చెట్టు కింద నిలబడి ఉన్నాను.

మొదట అందుకున్నది వదినే. ఒళ్లు తాకగానే ఆమె మొహం మారింది. సీసాలో నీళ్లతో కొంగు తడిపి పాప తల, మెడ, కాళ్లు తుడుస్తూనే కారెక్కింది. తార్నాక చేరేలోపు పాప కళ్లు పైకి పోయాయి, చేతులు కొట్టుకున్నాయి. వదిన ఒళ్లోనే.

ఆస్పత్రిలో డాక్టరు, పిల్లను ఎండలో గానీ మూసిన బండిలో గానీ ఉంచారా అని అడిగాడు. లేదు సార్, చెట్టు కిందనే ఉన్నాం అన్నాను. వేపచెట్టు ఉన్నమాట అబద్ధం కాదు కదా అని ఆ క్షణంలోనే నాకు నేను చెప్పుకున్నాను. సెలైను పెట్టారు. రాత్రికి జ్వరం దిగింది. మర్నాడు సాయంత్రం ఇంటికి పంపారు. పిల్ల బాగైంది. ఇప్పటికీ బాగుంది. బాగుండడం వల్లే నా అబద్ధం ఇన్నాళ్లు బతికింది.

కానీ మా అత్తకు కారణం కావాలి. బాగున్న పిల్లకు ఉన్నట్టుండి ఫిట్సు ఎందుకొచ్చాయి? ఆ సాయంత్రమే గల్లీలో దిష్టి తీసే యాదమ్మ అవ్వను పిలిపించింది. అవ్వ ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి పాప చుట్టూ తిప్పి, గడప లోపల నుంచే బయటి బొగ్గుల మీద వేసింది. మీకు తెలిసిందే. మిరపకాయలు కాలి ఘాటు వస్తే దిష్టి లేదు. ఘాటు రాకపోతే గట్టి దిష్టి.

గాలి ఇంట్లో నుంచి గల్లీలోకి వీస్తోంది. పొగంతా బయటికే పోతోంది. మా అత్త, పాపను ఎత్తుకున్న సుజాత, లోపల ఉన్న వాళ్లెవరికీ ఏమీ తెలియలేదు. పొగ పోయే వైపు, గల్లీలో ఇద్దరమే నిలబడి ఉన్నాం. నేను, వదిన.

వదిన దగ్గింది. కొంగు నోటికి పెట్టుకుని, వంగిపోయి దగ్గింది. నాకూ వచ్చింది. మంట గొంతు దాకా వచ్చి నిలబడింది.

లోపల నుంచి అత్త, మాకెవరికీ రాని ఘాటు దీనికొక్కదానికే వచ్చిందా అన్నది. అప్పుడు యాదమ్మ అవ్వ నా వైపు తిరిగింది.

"నీకొచ్చిందా కొడుకా?"

వచ్చిందంటే దిష్టి కాదు. దిష్టి కాకపోతే ఇంకేదో. ఆ ఇంకేదో ఏమిటని మళ్లీ మొదటి నుంచి అడుగుతారు. ఎక్కడ పడుకోబెట్టావు, ఎంతసేపు, నువ్వెక్కడున్నావు. నేను దగ్గు మింగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, తల తిప్పుకున్నాను. అంతటితో ఆగి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదేమో.

"నాకేం రాలే అవ్వా," అన్నాను. "అయినా వదిన నిన్న పొద్దుగాలనే చెప్పింది గదా, నా దిష్టే తాకుతదని. మాట మీద నిలబడే మనిషి."

నవ్వారు. అత్త నవ్వింది, సుజాత కూడా నవ్వింది. జోకు అంత బాగా కుదిరింది. తర్వాత ఒక్కొక్కరి నవ్వూ ఆగింది. ఆగి, అందరూ వదిన వైపు చూశారు. సుజాత పాప మీద కొంగు కప్పింది. ఆ కొంగు కదలడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

వదిన దగ్గడం ఆపి నా వైపు చూసింది.

తర్వాత ఎవరూ ఆమెను పొమ్మనలేదు. మా వాళ్లు అలాంటి మాటలు అనరు. పాపకు అన్నం ముట్టించిన రోజు ఆమెకు చెప్పడం మరిచిపోయారు. చెవులు కుట్టించిన రోజూ మరిచిపోయారు. చుట్టాల్లో ఎవరికి పిల్లలు పుట్టినా వదిన గడపలోకి రాగానే పసివాళ్లకు నిద్ర వేళయ్యేది, లోపలి గదిలోకి తీసుకుపోయేవారు. వాళ్లాయనా ఆమే మౌలాలికి ఇల్లు మారారు. రావడం తగ్గింది. వచ్చినా పిల్లలున్న చోట నేల చూస్తూ మాట్లాడడం ఆమే నేర్చుకుంది. పిల్లను కాపాడిన మొదటి చేయి ఆమెది. తడికొంగుతో ఆమె తుడవకపోతే ఏమయ్యేదో డాక్టరే చెప్పగలడు, నేను ఆయనకు ఆ సంగతి కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేకపోయాను? మొదట, సుజాత ఇంకెప్పుడూ పిల్లను నా చేతికివ్వదని. ఆ భయం పోయే వయసు పిల్లకు వచ్చాక, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని సుజాత అడుగుతుందని. భయం కూడా నీడలాంటిదే. ఒకచోట ఉండదు, జరుగుతూ పోతుంది, నేను దాని వెంట జరుగుతూ వచ్చాను. మొన్న అక్షర, పెద్దమ్మ నన్ను చూడకుండా ఎందుకు మాట్లాడుతది డాడీ అని అడిగింది. పెద్దమ్మకు నువ్వు సూర్యుడి లెక్క కనిపిస్తవు, కళ్లు జిగేల్మంటయి అన్నాను. అది నవ్వింది. నాకు నా నోటిని కోసేసుకోవాలనిపించింది.

ఇప్పుడు నా బావమరిదికి కొడుకు. ఐదో నెల. వచ్చే ఆదివారం వాణ్ణి మొదటిసారి బయటికి తీసుకుపోతారట. ఎక్కడికని అడగక్కర్లేదు. అదే క్యాంపస్, అవే చెట్లు. కారు నాదే. సుజాత పులిహోరకు చింతపండు తీస్తూ, గొంతు తగ్గించి, అక్కకు మాత్రం చెప్పకు అన్నది. ఆమె చెడ్డది కాదు. తొమ్మిదేళ్ల కింద నేను చెప్పిన మాటను నమ్మింది, అంతే.

నిన్న మధ్యాహ్నం బండి మౌలాలికి తిప్పాను. వదిన జాకెట్లు కుడుతుంది, మిషను మీద ఉంది. నిలబడే అంతా చెప్పాను. అద్దాలు ఎక్కించడం, చాయ్ బండి, నెమలి, డాక్టరు, దగ్గు. ఒక్క జోకు వేయకుండా నేను అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. ఆమె మిషను ఆపలేదు. కాలు ఆడుతూనే ఉంది.

ఈ రోజు గురువారం. ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. సుజాతకు ఇంకా తెలియదు. ఆమెకన్నా ముందు మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు మా వాళ్లు కాదు. కాగితం మీద పెట్టాక గొంతులో కొంచెం సందు దొరికిన మాట నిజం. నిన్న వదిన దగ్గర కూడా అదే అన్నాను. చెప్పడం అయ్యాక, ఇన్నేళ్లకు గొంతు తేలికైంది వదినా అన్నాను.

అప్పుడు మిషను ఆపింది. దారం పంటితో తెంపింది. తొమ్మిదేళ్ల తర్వాత తలెత్తి నేరుగా నా మొహంలోకి చూసింది.

"నీ గొంతు తేలికైందా, మంచిదే. నాకు చెప్తవేంది మరిది? నేను ఆ దినమే దగ్గిన. ఇగ దగ్గాల్సింది నువ్వు. గాడ, అందరి ముందర."