రాతిలో ప్రాణాన్ని చూసిన మా అన్న

మా అన్న సుబ్బరత్నం ఇక లేడు. పోయిన వారం ప్రొద్దుటూరులో, మా బట్టల అంగడిలో, గద్దె మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను సింహాద్రిపురం బడిలో పాఠం చెబుతున్నాను. దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ అంగడి చివరికి ఆయన ప్రాణం కూడా పుచ్చుకుంది కదా!

వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పట్టా అందుకుని, బెంగళూరులో పరిశోధనకు సీటు సంపాదించి, పెట్టె సర్దుకున్న మనిషి ఆయన. ఆ వారమే నాన్నకు పక్షవాతం వచ్చింది. నాన్న లేచేదాకా అంగడి చూసుకుంటానన్నాడు. నాన్న లేవలేదు. ఏళ్ల తరబడి మంచంలోనే ఉండి కన్నుమూశాడు.

అంగడికి సెలవు దొరికితే చాలు, అన్న పులివెందుల అవతలి కొండలకు పోయేవాడు. ఒకసారి నన్నూ తీసుకుపోయి ఒక బండ మీద నీళ్లు చల్లాడు. ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వలయాలు తేలాయి.

"ఇది ఉత్త రాయి గాదు పాపా. ఈడ ఒకప్పుడు సముద్రం ఉండె. కంటికి కనపడని జీవాలు చాప మాదిరి పరుచుకోనుండె. పైన ఒండ్రు పడి కప్పేస్తే వెలుతురు కోసం పైకి పాకేవి. మళ్లా కప్పేసేది, మళ్లా పాకేవి. ఆ పాకులాటే ఈ గీతలు" అన్నాడు.

మానవజాతి ఆవిర్భావానికి ఎన్నో కోట్ల ఏళ్ల పూర్వపు ప్రాణం! నేను వంగి ఆ గీతల వెంట వేలు పోనిచ్చాను.

ఆ గీతలను శాస్త్రజ్ఞులు ఏనాడో గుర్తించారని తర్వాత తెలిసింది. చిన్నబుచ్చుకుంటాడేమో అనుకున్నాను. "అయితే నేను సూసింది నిజమే!" అని పొంగిపోయి, అంగడిలో అందరికీ మిఠాయి పంచాడు, మహానుభావుడు.

జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక పెద్దామెకు కూడా ఈ కథ మొదలుపెట్టాడు. "ఏందప్పా, రవికె గుడ్డ సించమంటే రాళ్ల పురాణం సెప్తాండావు? నా బస్సు పోతాది!" అని ఆమె గదమాయించింది. అన్న నవ్వుతూ గుడ్డ చించి ఇచ్చాడు, ఎప్పటిలాగే బెత్తెడు ఎక్కువ.

నాన్న పోయాక నేను పోట్లాడాను. "ఇప్పుడన్నా పో అన్నా. అంగడి అమ్మేద్దాం."

ఆయన అంగడి తాళంచెవుల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు. "తాళంచెవులు నా చేతిలోనే ఉండాయి పాపా. నన్ను ఎవురూ పట్టుకోలేదు. అయినా గడప దాటలేకపోతాండా. ఆ పక్క ఏం సెయ్యాలో మర్సిపోయినా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ తినేస్తోంది. కట్టేసినవాళ్లుంటే వాళ్ల కాళ్లు పట్టుకునైనా ఆయన్ను విడిపించుకునేదాన్ని. నేను ఎవరితో పోట్లాడేది?

దినవారాలు ముగియకముందే, అంగడి ఎవరు చూస్తారన్న చర్చ వచ్చింది. మా చిన్నాన్న కొడుకు ఒప్పుకున్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అన్నా, నీ పవిత్ర స్మృతికి ఈ చెల్లెలి కన్నీటి నమస్కారం. గద్దె మీదికి మనిషి దొరికాడు. కొండకు పోయే మనిషే ఇక లేడు.