షెడ్డులోనే తిరిగిన కిలోమీటర్లు

మా షెడ్డు నుంచి సముద్రం ఒడ్డుకు 650 మీటర్లు. టేపు పట్టుకొని నేనే కొలిచాను. పోయి రావడానికి 1.3 కిలోమీటర్లు. తాళం వేసిన షెడ్డులో వారం రోజులు కదలకుండా ఉన్న కారుకు మొదటిసారి మీటరు పెరిగింది కూడా సరిగ్గా అంతే.

అది జపాన్‌లో తయారైన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, నేలకు జానెడు ఎత్తు. ముందు దీపాలు మూతల కింద దాగి ఉంటాయి. స్విచ్ వేస్తే కనురెప్పలు ఎత్తినట్టు పైకి లేస్తాయి. వయసు ముప్పై దాటింది. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనికి వచ్చిన ఒక జపాన్ ఇంజనీరు దాన్ని వెంట తెచ్చుకున్నాడు. సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళి మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళు ఒక మెకానిక్ దగ్గర రేకుల కింద పడి ఉండి, తరువాత నా దగ్గరికి చేరింది. దానితోపాటు ఇంజనీరు రాసుకున్న పుస్తకం కూడా వచ్చింది. ఆ జపాన్ అక్షరాలు నాకు రావు, అంకెలు వచ్చు. రెండు రోజులు వాటితో కూర్చున్నాక ఒకటి గమనించాను. ఆయన రాసిన మీటరు అంకెల్లో ఒక్కదానికీ చివర నాలుగు లేదు.

మెకానిక్‌ను అడిగితే నవ్వాడు. "వాళ్ళ బాసలో నాలుగన్నా సావన్నా ఒకటే మాటంటన్నా. నాలుగొచ్చిందంటే ఇంకొంచెం దూరం తిప్పి నిలిపేవోడు."

ఇంటికొచ్చి చెబితే నా భార్య ఆశ్చర్యపోలేదు. "వాళ్ళకి నాలుగు, మనకి ఇంకోటి," అంటూ లోపలికి వెళ్ళింది. ఏది అని నేను అడగలేదు.

మా మైపాడు వైపు ఉప్పుగాలి ఇనుమును బతకనివ్వదు. తలుపు అంచుల్లో, చక్రాల పైన, బ్యాటరీ కొనల మీద ఎక్కడ తేమ నిలిస్తే అక్కడ తుప్పు పుడుతుంది. మా బోరు నీళ్ళు కూడా ఉప్పే కాబట్టి ప్రతి ఆదివారం తాగే నీళ్ళ క్యాన్లు రెండు తెచ్చి కారును కడుగుతాను. "మనుషులు తాగే నీళ్ళతో దానికి తలంటు పోస్తా ఉండాడు చూడండి," అని నా భార్య గోడ అవతలి వాళ్ళకు వినిపించేట్టు అంటుంది.

కడిగే ముందు ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం కాసేపు నడిపి తెచ్చి, ఇంజను ఆపకుండా బానెట్ ఎత్తి, నేను నోటుపుస్తకంతో ముందు నిలబడతాను. నా భార్య సీట్లో కూర్చొని మీటర్లు చదువుతుంది. నడిచిన దూరం చూపే మీటరులో ఆరు అంకెలు. చివరిది కిలోమీటరులో పదో వంతు. పుస్తకంలో ఆరు గళ్ళు గీశాను, ఆరోది ఎర్ర సిరాతో. ఒక్కో అంకె విడిగా చెప్పమన్నాను. ఆరు గళ్ళూ నిండగానే తల తిప్పి, ఇంజను తిరుగుతుండగానే చూడాల్సిన ఆటోమేటిక్ గేర్ల ఆయిల్ పుల్ల బయటికి లాగుతాను. మళ్ళీ ఆదివారం బయల్దేరే ముందు మాత్రం మీటరు నేనే చూసి, పుస్తకంతో సరిపోల్చుకుంటాను.

మొదటిసారి తేడా వచ్చిన ఆదివారం పుస్తకంలో 48316.1 ఉంది. మీటరులో 48317.4.

షెడ్డు తాళం చెవి నా మొలతాడుకే ఉంటుంది. వెలుతురు బాగానే ఉంది, మిట్ట మధ్యాహ్నం. అయినా ఎడమ దీపం రెప్ప సగం లేచి ఉండటం అప్పుడే చూశాను. తేమకు మోటారు అలా చేస్తుందని నాకు తెలుసు. డ్రైవరు సీటు స్పాంజిలో మనిషి కూర్చున్నంత లోతు ఉంది. అది పాత స్పాంజి, ఆ లోతు ఎప్పుడూ ఉండేదే. అవన్నీ తెలిసి కూడా ఆ రోజు నేను ఆ సీట్లో కూర్చోలేకపోయాను. షెడ్డులో ఉన్నంతసేపూ సముద్రం హోరు వెనక గోడకు ఆనుకొని వినిపిస్తున్నట్టే ఉంది.

నేను భయపడింది దయ్యానికి కాదు.

మా నాయన కళ్లాల్లో కుంచంతో ధాన్యం కొలిచేవాడు. చదువు లేదు, కానీ ఆయన కొలిచిన రాశిని ఎవరూ మళ్ళీ కొలిచేవాళ్ళు కాదు. ఆయనకు యాభై రెండో ఏట, ఒక కళ్లంలో, కాగితం మీద ముప్పై ఆరు బస్తాల ఒక కుంచం తేలింది. బండి మీద ముప్పై ఏడు బస్తాలు ఉన్నాయి. తడ అవతలి తమిళ ఊరి నుంచి కొత్తగా వచ్చిన మిల్లు గుమాస్తా రాశాడు ఆ కాగితం. "నువ్వు చెప్పిందే రాసినా," అన్నాడు. ఆ ఏడాదిలో అలా జరగడం రెండోసారి. నాయన కుంచం ఇంటికి తెచ్చి బోర్లించాడు. తన తల పోయిందని తనే నమ్మాడు. ఆ తరువాత ఆయన దేన్నీ లెక్కపెట్టలేదు. మందు బిళ్ళలు కూడా అమ్మ లెక్కపెట్టి చేతిలో పెట్టేది. నా చదువు అక్కడే ఆగింది. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను.

ఇప్పుడు నాకు యాభై రెండు. ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్ళు ఎన్ని, మందు ఎంత, మేత ఎంత అని లెక్కకట్టి చెప్పడం నా పని. ఒక సున్నా తప్పితే తెల్లారేసరికి గుంటలో రొయ్య మొత్తం చచ్చి తేలుతుంది. నాయన తలలో మొదలైనది నా తలలోనూ మొదలైతే, నాకు తెలిసేలోపు ఇంకెవరి గుంటో పోతుంది.

తరువాత రెండు ఆదివారాలు అంకెలు సరిపోయాయి. మూడో వారం పుస్తకంలో 48361.2 రాసుకున్నాక టైర్లకూ నేలకూ కలిపి సుద్దముక్కతో గీతలు గీశాను. తలుపుకు అడ్డంగా దారం కట్టాను. చక్రాల వెనక బూడిద జల్లాను. మళ్ళీ ఆదివారం దారం తెగలేదు. గీత తప్పలేదు. బూడిద మీద బల్లి నడిచిన జాడ ఒక్కటే ఉంది.

మీటరులో 48372.5.

పదకొండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు. కారు వేలెడు కూడా కదలలేదని సుద్దగీత చెబుతోంది. అయితే తప్పు రాసిన చేతిదే. ఆ రోజు కారు తీయలేదు.

సోమవారం పొద్దున ఒక గుంట రైతు వచ్చాడు. పదేళ్ళుగా నా లెక్క మీదే మందు కలిపే మనిషి.

"రొయ్య నీరసంగా ఉందన్నా. మందెంతో చెప్తే పోతా."

"మందుల షాపులో అడుగు. వాళ్ళే లెక్కేసి ఇస్తారు."

"వాళ్ళేసిన లెక్క కూడా నీకాడికే గదా తెచ్చేది!" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగాడు. "ఏందన్నా, నా వల్ల తప్పేమన్నా జరిగిందా?"

"నీది కాదు. ఈ వారం నా లెక్క నమ్మబాక."

అతను వెళ్ళాక కూడా చెప్పులు విప్పిన చోటే నిలబడి నా వంక చూసినట్టు అనిపించింది. ఆ వారమంతా నేను మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టాను, దిగుతూ లెక్కపెట్టాను. రెండూ సరిపోయేవి. సరిపోయినా నమ్మకం కలగలేదు.

ఆదివారం సాయంత్రం షెడ్డు తీశాను. కారు తాళం తిప్పితే ఇంజను టక్కుమని ఊరుకుంది. బ్యాటరీ కొనలను ఉప్పు తినేసింది. నా భార్యను పిలిచి, ఎప్పటిలాగే కూర్చొని చదవమన్నాను. నాకు సాక్షి కావాలి, అంతే. ఇంజను మోత లేని షెడ్డులో ఆమె గొంతు ఇంకెవరిదో అన్నంత దగ్గరగా వినిపించింది.

"నాలుగు. ఎనిమిది. మూడు. ఆరున్నొకటి. రెండు..."

గళ్ళు ఆరూ నిండిపోయాయి. నేను అలవాటుగా తల తిప్పుకోబోయాను.

"...అయిదు," అందామె.

ఆరు గళ్ళ మీటరుకు ఏడో అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పుస్తకం వైపు చూశాను. 4 8 3 6 1 2.

"నాలుగోది మళ్ళీ చెప్పు."

"ఆరున్నొకటి."

"ఆరా, ఒకటా?"

"ఏందయ్యా, చెవుడా? ఆరున్నొకటి! బండిలో కూసోని దాన్ని ఏడువు అన్నట్టు ఆ మాట అంటారా ఎవురన్నా?"

ఏడు. కళ్లంలో కొలిచేవాళ్ళు ఏడు అనరు. అది ఏడవమని చెప్పినట్టు ఉంటుందని ఆరున్నొకటి అంటారు. ఇంజను మోతలో మధ్యనున్న 'న్ను' మునిగిపోయి, నాకు ఆరు, ఒకటి అని రెండుగా వినపడింది. రెండు గళ్ళలో రాశాను. చివరి అంకె మిగిలిపోయినా వినకుండా ఆయిల్ పుల్ల లాగాను. పుస్తకం వెనక్కి తిప్పాను. 48316.1 రాసిన చోట ఉండాల్సింది 48317.4. తప్పు రాసుకున్న ఆ రెండు ఆదివారాలూ పుస్తకం ప్రకారం నడిపిన దూరాలు చూస్తే, దారిలో ఎంత తగ్గిందో షెడ్డులో అంతే పెరిగింది. సముద్రం దాకా ఎవరూ పోయి రాలేదు. నా తల బాగానే ఉంది.

అక్కడే బూడిద మీద కూర్చొని చాలాసేపు నవ్వాను. ఆమె కూడా నవ్వింది. "మన ఇంట్లో నీకెవరు నేర్పినారు అట్టా అనడం?" అని అడిగాను.

"మీ నాయనే. కాపరానికి వచ్చిన కొత్తల్లో నేను నిమ్మకాయలు లెక్కబెడతా ఏడు అన్నా. అరుగు మీద నించి, 'అట్టా అనబాకమ్మా, ఆరున్నొకటి అను,' అన్నాడు. నాకు గుర్తుండి ఆయన లెక్కమాట అన్నది అదొక్కటే."

నా నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు కళ్లంలో నేనూ ఉన్నాను. నూర్పిడి మిషను మోగుతూనే ఉంది. నాయన రాశి అవతలి నుంచి మొత్తం కేకేసి చెప్పాడు. తరువాత గొడవలో, "నేనేం జెప్పినా?" అని అడిగాడు. తెలుగు సరిగా రాని ఆ గుమాస్తా కాగితం చూసి, "ముప్పై ఆరు, ఒకటి," అన్నాడు. నాయన, "అవును, అదే," అన్నాడు. ఇద్దరూ ఒకే మాట అన్నారు. కాగితం మీద ముప్పై ఆరు బస్తాలు, ఒక కుంచం. బండి మీద ముప్పై ఏడు.

ఆయన చదవలేడు. చూపించి చెప్పడానికి నేను పక్కనే ఉన్నాను, నాకు చదువు వచ్చు, నేను ఆ కాగితం అడగలేదు.

రైతుకు ఫోన్ చేసి పొద్దున రమ్మన్నాను. మందు లెక్క ఏడు కిలోలు తేలింది. నోటితో చెప్పకుండా అంకె కాగితం మీద రాసిచ్చాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకొని, "ఏడు గదన్నా?" అని అడిగాడు. తల ఊపాను.

అతను వెళ్ళాక షెడ్డు తీశాను. కారు ఎడమ కన్ను సగం తెరిచి ఉంది. మోటారులో తేమ. అక్కడే నిలబడి, ఎవరూ లేని ఆ సీటుకు వినపడేట్టు, "ముప్పై ఆరున్నొకటి, నాయనా," అన్నాను.