ఆ యుద్ధంలో మా బాపు లేడట

ఆగస్టు పదిహేనున మాజీ సైనికులకు సన్మానం చేస్తున్నారని కబురొస్తే, బాపు పొద్దున్నే గడ్డం గీసుకుని, అవ్వ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, జేబు మీద రెండు మెడల్స్ పెట్టుకుని తయారయ్యాడు. నేను కరీంనగర్‌లో టీచర్‌ని. సెలవని శ్రీరాంపూర్‌లో ఉన్న అమ్మగారింటికి, అవ్వా బాపుల దగ్గరికి వచ్చాను. రమ్మంటే వెంట వెళ్లాను.

జెండా ఎగిరింది. ఉపన్యాసాలు అయ్యాయి. ఆ తర్వాత మైకు పట్టుకున్న నిర్వాహకుడు "లడాయిల పాల్గొన్న జవాన్లు స్టేజీ మీదికి రావాలె" అని పిలిచాడు. బాపు లేచాడు. పైఅధికారి పిలిచినట్టే, మోకాళ్ల నొప్పి సంగతే మరిచి, నిటారుగా మెట్ల దాకా నడిచాడు. నిర్వాహకుడు ఆయన చొక్కా వైపు చూసి చేయి అడ్డం పెట్టాడు.

"ఏ లడాయి, పెద్దాయనా?"

"కార్గిల్."

"మరి కార్గిల్ మెడల్ ఏది?"

"నాకు రాలే."

మైకు నిర్వాహకుడి చేతిలోనే ఉంది. ఈ మాటలన్నీ కుర్చీల్లో కూర్చున్న వాళ్లందరికీ వినబడుతున్నాయి.

"ఫౌజ్‌ల పనిచేసుడు వేరు, లడాయిల పనిచేసుడు వేరు. జర పోయి కూసో."

వెనక వరసలో ఎవరో నవ్వారు. బాపు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పోదాం పద అని నేను చెయ్యి పట్టుకుంటే, జాతీయగీతం కాకముందు లేవకూడదన్నాడు. స్టేజీ మీద శాలువాలు కప్పుతుంటే అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టాడు. ఆ చప్పట్లు చూసి నాకు వచ్చిన కోపం, ఆ నవ్విన మనిషి మీద కూడా రాలేదు.

మా బాపు ధర్మపురి దగ్గర గోదావరి ఒడ్డు పల్లెలో, మిషన్ చర్చిని ఆనుకుని ఉన్న వాడలో పుట్టాడు. తాత జీవితమంతా ఇతరుల పొలాల్లో కూలి చేశాడు. బాపు పది పాసై, ట్రాక్టర్ తోలడం నేర్చుకుని, ఆ నేర్పుతోనే ఫౌజ్‌లో డ్రైవర్‌గా చేరాడు. రిటైరై వచ్చాక బొగ్గు గనుల దగ్గర కాపలా పని దొరికితే శ్రీరాంపూర్‌లో ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోయాడు. ఆయన చొక్కాకు ఉన్న రెండు మెడల్సూ అన్నేళ్లు ఉద్యోగం చేసినందుకు ఇచ్చినవి.

కార్గిల్ యుద్ధం నాటి ఎండాకాలం నాకు బాగా గుర్తుంది. అప్పుడు మేము ఊళ్లోనే ఉండేవాళ్లం. బాపు దగ్గరి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. అవ్వ రోజూ సాయంత్రం చర్చికి పోయి మోకాళ్ల మీద కూర్చునేది. అక్కడి నుంచి టీవీ ఉన్న వాళ్లింటికి పోయి గుమ్మం బయట నిలబడి వార్తలు చూసేది. శవపేటికల మీద జెండాలు కప్పి దించుతున్న బొమ్మలు వచ్చినప్పుడు నా కళ్లు మూసేది, తను మాత్రం చూసేది.

అందుకే ఆ ఆగస్టు పదిహేనున మేం ఇంటికి రాగానే, జరిగింది విని అవ్వ అన్నం గిన్నె కింద పెట్టేసింది.

"గా ఎండకాలం నేనెట్ల బతికిన్నో గా మైకు పట్టుకున్నాయనకు తెలుసా? లడాయికి పోలేదా నువ్వు? మరి నేనెవలి కోసం ఏడ్సిన?"

నేను బీరువాలోంచి బాపు డిశ్చార్జి పుస్తకం తీశాను. యుద్ధం జరిగిన నెలల్లో ఆయన మధ్యప్రదేశ్‌లోని ఒక కంటోన్మెంట్‌లో ఉన్నట్టు రాసి ఉంది. ఇదేంటని అడిగితే అప్పుడు చెప్పాడు. ఆయన సొంత యూనిట్ అక్కడే ఉంది. కొండల్లో ఫిరంగి దళానికి డ్రైవర్లు చాలడం లేదని ఆయనతో పాటు కొద్దిమందిని అరువు ఇచ్చినట్టు పంపించారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చారు. మెడల్స్ కోసం పేర్లు రాసేటప్పుడు, వాళ్ల మనిషి కదా వాళ్లు రాస్తారని ఫిరంగి దళం వదిలేసింది. అక్కడ పనిచేశాడు కదా అక్కడే రాసుంటారని సొంత యూనిట్ వదిలేసింది.

"మరి నువ్వు అడగలేదా బాపూ?"

"పోనీ తీయ్ బిడ్డా. గిప్పుడెందుకు అదంత."

పోనివ్వలేకపోయాను. కరీంనగర్ వచ్చాక, మాజీ సైనికుల పనులు చూసే ఆఫీసుకు వెళ్లి, రికార్డు సరిచేసి రావాల్సిన మెడల్స్ ఇవ్వమని అర్జీ ఇచ్చాను. అక్కడి గుమస్తా దాన్ని చదివి నా వైపు చూశాడు. "ఇన్నేండ్లు ఏం జేసిన్రు మేడం? ఇప్పుడు యాదికొచ్చిందా?" రికార్డు రాయాల్సిన వాళ్లు ఇన్నేళ్లూ ఏం చేశారని నేను అడిగాను. అది మా చేతిలో లేదు, పైకి పంపుతామన్నాడు.

పైనుంచి జవాబు రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చింది ఒకే ఒక్క వాక్యం. సదరు మాజీ సైనికుడు యుద్ధ ప్రాంతంలో పనిచేసినట్టు రికార్డులో లేదు గనుక రికార్డు సవరించడం వీలుకాదు. నేను స్టాఫ్ రూంలో కూర్చుని ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివాను. రికార్డులో లేదనే కదా అర్జీ పెట్టింది. రికార్డులో లేదు కాబట్టి అర్జీ చెల్లదట. ఏడో తరగతి పిల్లలు ఇలాంటి జవాబు రాస్తే ఎర్రసిరాతో గీత పెట్టి మళ్లీ రాయమంటాను. ఇదేమో ముద్ర వేసుకుని వచ్చింది, దీని మీద గీత పెట్టేవాళ్లు లేరు.

మళ్లీ రాశాను. ఆనాటి బండ్ల రాకపోకల కాగితాలు గడువు తీరాక నాశనం చేశామని, వేరే ఆధారాలుంటే పంపమని ఈసారి జవాబు వచ్చింది. ఆధారం వాళ్ల దగ్గరే ఉండేది. వాళ్లే తగలబెట్టారు. ఇప్పుడు ఆ ఆధారం బాపునే చూపమంటున్నారు.

ఆ ఉత్తరం పట్టుకుని శ్రీరాంపూర్ వెళితే అవ్వే గుర్తుచేసింది. "జైనూర్ దిక్కు ఒకాయన ఉంటుండె గద. నువ్వు కొండల మీద ఉన్నప్పుడు నీ తోటి ఉన్నాయన." ఆయన గోండు మనిషి. ఆ ఫిరంగి దళంలోనే గన్నర్‌గా పనిచేశాడు. తెలుగు మాట్లాడేవాడు దొరికాడని యుద్ధం మధ్యలో ఇద్దరికీ స్నేహం కుదిరిందట. తర్వాత ఎవరి బతుకులో వాళ్లు పడిపోయారు. బాపు వద్దు వద్దంటూనే ఫోన్ చేశాడు. అవతలి నుంచి "ఉస్తాద్" అన్న పిలుపు పక్కనున్న నాకు కూడా వినబడింది. ఫౌజ్‌లో డ్రైవర్‌ని అలా పిలుస్తారు.

ఆయన రమ్మంటే బాపూ నేనూ బయల్దేరాం. ఆసిఫాబాద్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. కెరమెరి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి మలుపు దగ్గరా బాపు కుడికాలు బస్సు అడుగును గట్టిగా తొక్కుతోంది. డ్రైవర్ వేయాల్సిన బ్రేకులన్నీ ఆయనే వేస్తున్నాడు. నేను చూశానని గమనించి కాలు వెనక్కి తీసుకున్నాడు, మళ్లీ మలుపు రాగానే తొక్కాడు.

ఆ మిత్రుడి ఇల్లు జైనూర్‌కు కాస్త ఎడంగా, పత్తి చేను పక్కన ఉంది. మమ్మల్ని చూసి ఆయన లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. తర్వాత ఇద్దరూ చాలాసేపు చేతులు పట్టుకునే ఉన్నారు. ఆయన భార్య జొన్నరొట్టెలు, పప్పు పెట్టింది. తిన్నాక నేను వచ్చిన పని చెప్పాను. ఆయన నమ్మలేదు.

"ఉస్తాద్‌కు మెడల్ రాలేదా? ఎట్ల రాలే? మా ఫిరంగి తోపులకు గుండ్లు తెచ్చిందే ఆయన."

"రికార్డులో లేదంటున్నారు," అన్నాను.

ఆయన బాపు వైపు చూశాడు. బాపు తల వంచుకున్నాడు. ఆయన నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"కొండ అవతలికెళ్లి దుష్మన్ రోడ్డు మీదనే నిగ పెట్టి ఉంటుండె బిడ్డా. బండి కనవడితె గుండు ఏస్తుండె. గా రోడ్డు మీద ఉస్తాద్ దినాం వస్తుండె. ఒకనాడు తెల్లారంగ బండి పక్కన్నే గుండు వడ్డది. పక్క సీట్ల ఇంకో డ్రైవర్ ఉన్నడు, మరాఠా ఆయన. మెడకు గుండు పెచ్చు తాకింది. బండి నిండ గుండ్లున్నయి, ఎనుక ఇంకిన్ని బండ్లున్నయి, ఆపెతందుకు లేదు. ఉస్తాద్ ఒక చెయ్యితోటి స్టీరింగ్ పట్టుకొని, ఇంకో చెయ్యి ఆయన మెడ మీద అదిమిపట్టి మా దాంక తోలుకొచ్చిండు. దింపింది నేనే. గప్పటికే పానం పోయింది. ఉస్తాద్ చెయ్యి తీస్తలేడు. మేం ఇద్దరం కలిసి గుంజితె గాని చెయ్యి రాలే."

నాకు ఇంత వయసు వచ్చింది. ఈ మాట మా ఇంట్లో ఏనాడూ వినలేదు.

"బాపూ, ఎందుకు చెప్పలేదు?"

బాపు తల ఎత్తకుండానే చెప్పాడు.

"గా సచ్చిపోయినాయనకు మెడల్ ఇచ్చిన్రు. ఆయన భార్య చేతుల పెట్టిన్రు. నేను బతికొచ్చిన. పోయి నాకు గూడ ఇయ్యిన్రని ఏ ముఖం పెట్టుకొని అడుగుదు?"

మిత్రుడు లోపలికి వెళ్లి తన మెడల్ తెచ్చి బాపు ముందు పెట్టాడు. "గిది పెట్టుకో ఉస్తాద్. నాకెందుకు, పెట్టెల ఉంటది." బాపు దాన్ని ఆయన గుప్పిట్లోనే పెట్టి మూశాడు. "గిది నీది. నువ్వు కష్టపడ్డది."

అప్పుడు మిత్రుడికి ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ మరాఠా డ్రైవర్ ఎలా పోయాడని దళంలో విచారణ జరిగింది. పెద్ద అధికారి ముందు బాపు సాక్ష్యం చెప్పాడు, తనూ చెప్పాడు. చెప్పిందంతా రాసుకుని ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు.

అది విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వాకిట్లోకి వెళ్లి పత్తి చేను వైపు చూస్తూ నిలబడ్డాను. చనిపోయిన మనిషి ఫైలు మూయడానికి మా బాపు ఆ కొండ మీద ఉన్నాడు, ఆయన మాట పనికొచ్చింది. బతికున్న మనిషికి రావాల్సింది అడిగితే మాత్రం ఆయన అక్కడ లేడు. ఆ రక్తం ఆయన చేతికి మధ్యప్రదేశ్ కంటోన్మెంట్‌లో కూర్చుంటే అంటిందా?

మరునాడు ముగ్గురం ఉట్నూర్ వెళ్లి నోటరీ దగ్గర మిత్రుడి ప్రమాణపత్రం రాయించాం. దాన్ని జతచేసి, ఫలానా సైనికుడి మరణం మీద జరిగిన విచారణలో మా నాన్నగారి సాక్ష్యం ఉంది, తీసి చూడండి అని రాశాను. మర్యాద మాటలన్నీ తీసేశాను. మీరు చూడకపోతే ఎందుకు చూడలేదో రాసి ఇవ్వండి అని కూడా అడిగాను. జవాబు రాకపోతే మళ్లీ రాశాను. ఒక ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది. ఆ గుమస్తా నన్ను చూడగానే ఇంకా రాలేదని దూరం నుంచే చెయ్యి ఊపడం అలవాటు చేసుకున్నాడు. ఫోన్‌లో దొరికిన ఒక అధికారి "ఒక్క మెడల్ కోసం ఇంత పట్టుదల ఎందుకమ్మా" అన్నాడు. ఆ ఒక్కటి ఇవ్వకపోవడానికి మీకెందుకింత పట్టుదల అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

చివరికి రికార్డు సవరించారు. ఎందుకు తప్పు జరిగిందో రాయలేదు. విచారం అన్న మాట ఎక్కడా లేదు. యుద్ధంలో పాల్గొన్నందుకు ఇచ్చే మెడల్ కరీంనగర్ ఆఫీసుకు వచ్చింది, వచ్చి తీసుకోమన్నారు. అవ్వ, బాపు బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చారు. గుమస్తా చిన్న అట్టపెట్టె బల్ల మీద పెట్టి, పక్కన రసీదు పెట్టి, సంతకం చేయమన్నాడు. బాపు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. కలం కింద పెట్టేశాడు.

"కృతజ్ఞతలతో స్వీకరించితిని అని ఉన్నది."

"అవ్ సార్. అందరికి గదే ఉంటది. అచ్చు కాయితం."

"తీసుకున్న అని రాస్త. కృతజ్ఞతలు అని రాయ."

గుమస్తా నవ్వబోయి ఆగాడు. "గట్లంటె ఎట్ల సార్? మాటవరసకు ఉంటది గది."

"మాటవరసకైతె తీసెయ్. నేను అడుక్కున్నది గాదు గిది. పనిచేసిన. నా పక్కన మనిషి సచ్చిపోయిండు. నేను ఆడ లేనన్నరు మీరు. నేను అబద్ధమాడుతున్ననన్నరు. గిప్పుడు ఇచ్చుకుంట నాతోటి దండం పెట్టించుకుంటరా?"

ఆయన గొంతు పెంచలేదు. కానీ బాపు ఎవరితోనైనా అలా మాట్లాడటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పక్క బల్లల వాళ్లు పని ఆపి చూస్తున్నారు. అవ్వ కొంగు నడుముకు చుట్టుకుని ఆయన పక్కకు వచ్చి నిలబడింది. గుమస్తా లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి కాగితం ముందుకు జరిపాడు. అప్పుడు బాపు తన నంబరు, ర్యాంకు, పేరు రాసి సంతకం చేశాడు.

మా ఇంటికి వచ్చాక అవ్వ పెట్టె తెరిచి, మెడల్ చేతిలోకి తీసుకుని, రిబ్బన్ నిమిరి చూసింది. బాపు మాత్రం దానితో వచ్చిన కాగితం చదువుతున్నాడు.

"బిడ్డా, ఎత్తు కొండల మీద పనిచేసినోళ్లకు ఇచ్చేది ఇంకొకటి ఉంటది. అర్జీల గది గూడ రాసినవ్ గద?"

రాశాను. దానికి ఆధారాలు చాలవని అదే కాగితంలో, కింద పేరాలో ఉంది. నేనది చదివి వినిపించాను.

"లడాయిల ఉన్ననని ఒప్పుకున్నరు," అన్నాడు. "మరి కొండ ఎక్కకుంట గా లడాయి ఎట్ల జేసిన్నట?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు.

"తెల్లకాయితాలు తే. నేను చెప్త, నువ్వు రాయి."