కొలిమి దొర నిమ్మరసం జగ్గు

మా బావ పోయాక ఆయన్ని కరిగిస్తే నాలుగు లారీ బ్యాటరీలకు సరిపడా సీసం వస్తుంది. సరే, నాలుగు ఎక్కువ చెప్పాను. స్కూటరు బ్యాటరీ ఒకదానికైతే ఢోకా లేదు. మనిషి ఇంకా బతికే ఉన్నాడు గనక తూకం వేసి చూపించలేను, అంతే.

బావ అంటే మా అక్క మొగుడు. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు కొలిమి దగ్గర పనిచేశాడు. తోటివాళ్లు ఆయన్ని కొలిమి దొర అనేవారు. అది వెక్కిరింత. ఆయన బిరుదనుకున్నాడు.

అక్కడి పని ఇదీ. బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం పలకలు పీకి, పెద్ద ఇనప బానలో కరిగిస్తారు. పైన తేలిన తెట్టును గరిటెతో తీసేసి, కింద మిగిలిన దాన్ని అచ్చుల్లో పోస్తే దిమ్మెలవుతాయి. వేడి ఎంతుందో చూపించే మీటరు ఒకటి గోడకు ఉండేది. బావ దాని వంక కన్నెత్తి చూసేవాడు కాదు. చిత్తుకాగితం ముక్క బానలో పడేసి, అది నల్లబడే తీరు చూసి వేడి చెప్పేవాడు. సరిగ్గా కనబడాలని పొగలోకి మొహం పెట్టి మరీ చూసేవాడు. ముక్కుకు కట్టుకోమని ఇచ్చిన మాస్కును నుదుటి మీదకు తోసుకుని, దాని మడతలో సిగరెట్లు దాచుకునేవాడు.

"సీసం చేతగానివాళ్లనే పట్టుకుంటుందిరా. మొనగాడి జోలికి రాదు" అనేవాడు నాతో.

యాజమాన్యం తక్కువదేం కాదు. పొగ బయటికి లాగే ఫ్యాను చెడిపోతే బాగు చేయించలేదు గానీ, కొలిమి దగ్గరివాళ్లకు రోజూ తలా ఒక గ్లాసు పాలు పోయించేది. పాలు తాగితే ఒంట్లో సీసమంతా కడుక్కుపోతుందని వాళ్లు చెప్పారు, వీళ్లు నమ్మారు. కడుక్కోని చేతులతో, కొలిమి పక్కనే నిలబడి తాగేవారు. తెల్లగా వచ్చిన పాలు బూడిదరంగుకు తిరిగి గొంతులోకి దిగేవి.

ఇరవై ఏళ్లు అలా గడిచాక బావ చిగుళ్ల మీద, ఒంట్లో సీసం పేరుకుంటే వచ్చే నీలం గీత పడింది. బంగారు పన్ను కట్టించుకున్నవాడిలా పెదవి ఎత్తి వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఆ తర్వాత కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. నమస్కారం పెడితే ఒక చెయ్యి నమస్కరించేది, రెండోది నిద్రపోయేది. గరిటె బరువుకు బెణికిందన్నాడు.

ఇంతవరకు ఆయన ఒళ్లు, ఆయన ఇష్టం. నేను కథ చెప్పాల్సింది పిచ్చుక గురించి.

పిచ్చుక ఆయన మనవరాలు. అప్పటికి అయిదేళ్లది. వాళ్లమ్మ బడిలో టీచరు. పొద్దున పిల్లను అక్క దగ్గర దింపి సాయంత్రం తీసుకెళ్లేది. గలగల మాట్లాడే పిల్ల, ఆ ఏడు ఎందుకో మందగించింది. కడుపు నొప్పని ముడుచుకుని పడుకునేది. అంతకుముందు గుక్కతిప్పుకోకుండా చెప్పిన అక్షరాలు సగం మరిచిపోయింది. పిలిస్తే రెండోసారికి గానీ తిరిగి చూసేది కాదు. డాక్టరు నులిపురుగుల మందిచ్చాడు. పురుగులేవీ పడలేదు.

"అల్లుడి పోలిక. వాళ్ల వంశంలో అందరూ మొద్దులే" అని తేల్చేశాడు బావ.

అక్క మాత్రం కుదురుగా ఉండలేకపోయింది. పిల్లకు రక్తపరీక్ష చేయిద్దామని రెండు నెలలు పోరింది. ఆయన ఒప్పుకోలేదు. కొలిమి దొర మనవరాలికి రక్తపరీక్షంటే నలుగురూ ఏమనుకుంటారు?

ఆ ఇంట్లో ఇంకో వైభవం ఉండేది. విరిగినదీ కారేదీ ఏదైనా సరే, బావ సీసంతోనే బాగుచేసేవాడు. ఊగే బల్లకాలికి సీసం, తలుపు కింద సీసం, పూలకుండీ పగులుకు సీసం. వీటన్నిటికీ రాజు ఒక పాత ఇత్తడి జగ్గు. అడుగున చిల్లులు పడితే, దాని లోపల వేలెడు మందాన సీసం పోసి అద్దంలా నున్నగా చేశాడు. అక్క రోజూ పొద్దున్నే నిమ్మరసం పిండి అందులో పోసి ఉంచేది. తనకు పులుపు పడదు, చుక్క ముట్టేది కాదు. తాగేవాళ్లం ముగ్గురం: బావ, పిచ్చుక, ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఆగే నేను. చక్కెర తక్కువైనా ఆ నిమ్మరసం తియ్యగానే ఉండేది.

"నా జగ్గు మహిమ" అనేవాడు బావ. అదొక్కటే ఆయన జీవితంలో చెప్పిన నిజం.

ఫ్యాక్టరీలో ఆర్నెల్లకోసారి రక్తం తీసి సీసం ఎంతుందో చూసేవారు. లెక్క యాభై దాటితే కొలిమి నుంచి తప్పిస్తారు. క్రితంసారి బావకు నలభై తొమ్మిది వచ్చింది. ఈసారి ఫ్యాక్టరీలో కాకుండా బయటి ల్యాబుకు వెళ్లి ఇచ్చి రమ్మన్నారు. ఒక సాయంత్రం నన్ను వరండాలోకి లాగాడు.

"ఒరేయ్, నీ చెయ్యి ఒకటి కావాలి."

"దేనికి బావా?"

"రక్తానికి. నా పేరు మీద ఇచ్చి రా. అక్కడ నా మొహం ఎవడికీ తెలీదు."

"నీ రక్తానికేమైంది?"

"ఏం కాలేదు. కాస్త మొండిది. లెక్క ఎక్కువ చూపిస్తుంది. కాన్వెంటులో చదివినవాడివి, నా సంతకం పెట్టడం నీకో లెక్కా?"

కాన్వెంటులో సిస్టర్లు నాకు రెండు నేర్పారు: గుండ్రటి చేతిరాత, నిటారుగా నిలబడి అబద్ధమాడటం. రెండోది వాళ్లు నేర్పాలనుకోలేదు, పాపం. ఇన్నేళ్లు తాగిన నిమ్మరసానికి కృతజ్ఞతగా వెళ్లాను, చొక్కా చెయ్యి మడిచాను, ఆయన పేరు రాశాను. ఆయన్ని తిడుతున్నానని నన్ను మంచివాడనుకోకండి.

తిరిగొచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది.

"ఆ మోచేతికి దూదేమిట్రా?"

"దోమ కుట్టిందక్కా."

"దోమకు దూది పెడతారా?" అంది.

వారం తర్వాత కాగితం వచ్చింది. బావ దాన్ని జెండాలా పట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. నేను అప్పుడే గ్లాసు ఖాళీ చేశాను. పిచ్చుక నా పక్కనే తన గ్లాసుతో కూర్చుని ఉంది.

"ముప్పై ఒకటి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత తక్కువ ఎవడికైనా వచ్చిందా? చూడవే."

అక్క కాగితం చూడలేదు. నా మోచేతి వంక చూసింది.

"అది వీడి రక్తం కదండీ?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. నేను నేల వంక చూశాను.

"ఒరేయ్ కాన్వెంటూ, ఆ అడుగున సన్నగా ఏదో రాసుంది, చదువు" అంది అక్క.

చదివాను. సీసంతో పనిలేనివారిలో ఇది అయిదు లోపు ఉండాలి.

"నువ్వు ఆ ఫ్యాక్టరీ గేటు ఎప్పుడైనా దాటావా?"

"లేదక్కా."

"మా ఇంట్లో ఏం తింటావు?"

"ఏమీ తినను. నిమ్మరసం తాగుతాను."

అక్క లేచి పిచ్చుక చేతిలోంచి గ్లాసు తీసేసుకుంది. పిల్ల ఏడవలేదు. ఆ మధ్య ఏడుపు కూడా తగ్గించింది.

"జగ్గునేమీ అనకు. అది నేను చేసిన పని" అన్నాడు బావ.

అక్క జగ్గును గుడ్డలో చుట్టి, పిల్లను చంకనేసుకుని ఆస్పత్రికి నడిచింది. వెనకాలే నేనూ వెళ్లాను. పిచ్చుక లెక్క నలభై ఆరు. డాక్టరు జగ్గు లోపల గోటితో గీకి చూసి, నిమ్మ పులుపుకు సీసం కరిగి రసంలో కలిసిందని, ఆ తీపి దానిదేనని చెప్పి, దీన్ని ఎవరు బాగు చేశారని అడిగాడు. సిగ్గుతో "నేనే" అన్నాను. అబద్ధమే, కానీ అక్క ముందు ఆయన పేరు నా నోటికి రాలేదు.

కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే మందుబిళ్లలు పిల్లకు వారాల తరబడి మింగించాం. పోయిన అక్షరాలు తిరిగొచ్చాయి. అన్నీ వచ్చాయని డాక్టరు అనలేదు, మేమూ అడగలేదు. తర్వాత ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివింది.

అక్క నేరుగా ఫ్యాక్టరీ నర్సమ్మ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. ఈసారి బావ సొంత రక్తమే తీశారు. డెబ్బై మూడు. కొలిమి నుంచి తప్పించి గేటు దగ్గర కుర్చీ వేశారు. ఆయన రెండు నెలలు అక్కతో మాట్లాడలేదు. డెబ్బై మూడుకు బాధపడలేదు, నలభై ఆరు ఎంతకు దిగిందని ఒక్కసారీ అడగలేదు. తన పేరు మీద వచ్చిన ముప్పై ఒకటి రికార్డును చెరిపేశారని ఏడ్చాడు.

ఇది జరిగి పన్నెండేళ్లయింది. మొన్న ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. పిచ్చుక టీ తెచ్చి ఇచ్చింది. ఆయన వాలిన కుడి మణికట్టు కింద ఎడమ చెయ్యి ఆనించి గ్లాసు పట్టుకుని, చివరిదాకా విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు. ఆ జగ్గు మా ఇంట్లో లేదు, నీ రక్తం నేను అడగలేదు. నేను బట్టల కొట్లో పనిచేసి రిటైరయ్యాను."