గవర్నర్‌పేటలో మా మావయ్య బారు

మా మావయ్య పోయాడు. పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే కంకిపాడు నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. టీ తాగి గ్లాసు కింద పెట్టి, కూర్చున్న కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయాడట. కాస్త కోపం తగ్గాక రాయమని మా తమ్ముడు అన్నాడు. తగ్గితే నేను రాయను. ఆ సంగతి నాకు తెలుసు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి కింద ఆయనకి బారు ఉండేది. వీధిలోంచి చూస్తే ఆకుపచ్చ రంగు వేసిన సగం తలుపులు, లోపల పాలరాయి పలకల బల్లలు, అల్లిక కుర్చీలు. కాలేజీకి వెళ్తూ అమ్మ ఇచ్చిన క్యారేజీ అందించడానికి నేను వెనక తలుపు గుండా వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అక్కడ శనగలు ఉడుకుతూ ఉండేవి. పనివాళ్ళు ఉన్నా గ్లాసులు మాత్రం మావయ్య ఎవరికీ వదిలేవాడు కాదు. తనే వేడినీళ్ళలో కడిగి, వెలుతురుకి ఎత్తి చూసి బోర్లించేవాడు.

కోర్టు గుమాస్తాలు, ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ళు, బస్తాలు మోసే ముఠా కూలీలు, పని మీద ఊళ్ళోకి వచ్చిన రైతులు, అందరూ అక్కడికే వచ్చేవారు. వచ్చినవాణ్ణి ముందు అన్నం తిన్నావా అని అడిగేవాడు. లేదంటే శనగలో, ఉడకబెట్టిన గుడ్డో ముందు వచ్చేది. సీసా ఆ తర్వాతే. "ఖాళీ కడుపుతో తాగేవాడు నా మీద పగబట్టి తాగుతున్నట్టే" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఒక పెద్ద రైతు వచ్చి కూర్చున్నాడు. అదే బల్లకి అవతల పక్కన ఆయన పొలంలో కూలికి వెళ్ళే మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఊళ్ళో అయితే ఆ రైతు గుమ్మం కూడా ఎక్కనివ్వని మనిషి. వాణ్ణి లేపమని, లేకపోతే తనకి విడిగా ఒక గ్లాసు పెట్టమని రైతు అడిగాడు. మావయ్య గొంతు పెంచలేదు. వంటింట్లో ఉన్న నాకు మాత్రం ప్రతి మాటా వినపడింది.

"ఇక్కడ గ్లాసులన్నీ నేనే కడుగుతానండీ. నా చెయ్యి మీకు పనికొస్తే ఆ గ్లాసూ పనికొస్తుంది."

రైతు లేచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చి అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోగల చోటు ఈ ఊళ్ళో ఇంకెక్కడుందో ఎవరైనా చెప్పండి. గుళ్ళో ఉందా? కల్యాణమంటపంలో ఉందా?

బారుని పొగుడుతున్నానని అనుకోవద్దు. మా నాన్న లివరు పాడై చనిపోయాడు. ఆయన తాగింది మావయ్య దగ్గరే. చాలా ఏళ్ళు ఆ మాట మింగి, చివరికి ఒకసారి మావయ్యని అడిగేశాను, నువ్వు పొయ్యకపోతే ఆయన బతికేవాడు కదా అని. ఆయన నా మొహంలోకి చూసే చెప్పాడు.

"పొయ్యనని చెప్పానమ్మా ఒకసారి. బందరు కాలవ గట్టున నాటుసారా తాగి పడిపోతే రిక్షాలో వేసుకొచ్చాను. ఆ తర్వాత తాగితే నా కళ్ళ ముందే తాగమన్నాను. అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తెలీదు."

నాకూ తెలీదు. ఆయన్ని నేను పూర్తిగా క్షమించలేదు. కానీ రోజూ సాయంత్రం నాన్నకి అన్నం తినిపించి, చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దింపి వెళ్ళింది కూడా ఆయనే.

రాజధాని మాట వచ్చాక ఊళ్ళో స్థలాలకి రెక్కలొచ్చాయి. లాడ్జి ఓనరు పోయాక కొడుకులు దాన్ని పడగొట్టి కాంప్లెక్సు కట్టాలనుకున్నారు. ఖాళీ చెయ్యమని మొహం మీద చెప్పినా మావయ్య బాధపడేవాడు కాదు. వాళ్ళు చెప్పలేదు. ముందు మోటారు పాడైందని నీళ్ళు ఆపారు. తర్వాత మురుగు కాలవకి అడ్డంగా సిమెంటు పోశారు. వాన పడితే బారులో మోకాలి లోతు మురికినీళ్ళు. ఆ వయసులో ఆయన బకెట్టుతో ఎత్తి పోసుకునేవాడు. చివరికి బల్లలూ కుర్చీలూ బోర్డూ పాత సామాన్ల వాడికి ఇచ్చేసి కంకిపాడు వెళ్ళిపోయాడు.

కాంప్లెక్సు లేచింది. పై అంతస్తులో కొత్త బారు తెరిచారు. అలంకారానికని లోపల మావయ్య పాత బోర్డు గోడకి తగిలించారని ఎవరో చెప్పారు. ఒక్కసారి చూడాలని ఉందని ఆయన అడిగితే ఒక సాయంత్రం నేనే తీసుకెళ్ళాను. ఉతికిన తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. లిఫ్టు దిగగానే నల్ల చొక్కా కుర్రాడు ఆపాడు.

"సారీ మేడమ్, డ్రెస్ కోడ్ ఉందండీ. పంచెతో అలౌ చెయ్యరు."

ఆ గోడ మీది బోర్డు ఎవరిదో చెప్పాను. మేనేజరుని పిలిపించాను. ఆ మేనేజరు, బోర్డు చాలా బాగుందని మెచ్చుకుని, రూల్ రూలే అన్నాడు. ఒళ్ళు మండిపోయి నేను ఇంకా ఏదో అనబోతుంటే మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. అద్దం తలుపులోంచి కాసేపు లోపలికి చూశాడు.

"అక్షరాలు బాగానే కడిగారమ్మా" అన్నాడు. "పద."

ఆ తర్వాత ఆయన బెజవాడ రాలేదు.

పెద్దకర్మ రోజున కంకిపాడులో ఇంటి ముందు టెంటు వేశారు. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. మావయ్య ఫొటో కింద 'ప్రముఖ వ్యాపారవేత్త' అని ఉంది. ఏం వ్యాపారం అని ఆయన కొడుకుని, అంటే మా బావని, అడిగాను. పిల్లకి సంబంధాలు చూస్తున్నామని, ఇప్పుడు అవన్నీ ఎందుకని విసుక్కున్నాడు. ఆ బారు డబ్బుతో ఇంజనీరింగు చదివిన మనిషి. టెంటు కింద ఒక చుట్టం పక్కవాళ్ళతో, ఆయనది ధాన్యం వ్యాపారం అని చెబుతుంటే విన్నాను. నోరు తెరిస్తే ఏమంటానో తెలియక గేటు బయటికి వచ్చి నిలబడ్డాను.

అప్పుడే రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. అందులోంచి కొందరు ముసలివాళ్ళు ఒకరినొకరు పట్టుకుంటూ దిగారు. ఫ్లెక్సీ చదివి, ఇల్లు ఇది కాదేమోనని వెనక్కి తిరగబోయారు. ఒకాయన నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"అమ్మా, గవర్నర్‌పేటలో బారు నడిపినాయన ఇల్లు ఎక్కడండీ?"

"ఇదేనండీ" అన్నాను, టెంటు కింద వాళ్ళందరూ తలలు తిప్పేటంత గట్టిగా. "బారు నడిపిన మా మావయ్య ఇల్లు ఇదే. లోపలికి రండి."

లోపల ఎవరూ చెప్పులు విప్పలేదు. వాళ్ళు మాత్రం గేటు బయటే విప్పేసి, ఎండకి కాలుతున్న సిమెంటు నేల మీద ఒట్టి కాళ్ళతో మెల్లగా నడుచుకుంటూ ఆయన ఫొటో దగ్గరికి వెళ్ళారు.