బిల్లు లేని రసాల పెట్టె

ఆ రోజుల్లో, అంటే నాకింకా పెళ్ళి కాకముందు, మామిడిపండును డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని వినడమే తప్ప కళ్ళారా చూసింది లేదు. నూజివీడు పక్కన మా ఊళ్ళో ఎవరైనా మామిడిపండు కొన్నాడంటే, వాడు కొత్తగా బదిలీ అయి వచ్చిన ఉద్యోగస్తుడైనా అయుండాలి, లేదా తోటవాళ్ళందరితోనూ తగువు పెట్టుకున్నవాడైనా అయుండాలి. వేసవి వచ్చిందంటే మంచాల కింద పళ్ళు, బియ్యం బస్తాల పక్కన పళ్ళు, పరీక్షలకి చదువుకుందామని గదిలోకి వెళితే నా బల్ల కింద కూడా పళ్ళే. (నేను తక్కువ మార్కులకి ఈగల్ని కారణంగా చెప్పేదాన్ని. ఎవరూ నమ్మలేదు.) ఒకరింటికి వెళ్ళేటప్పుడు పళ్ళు పట్టుకెళ్ళడం మర్యాదే. కానీ మా వైపు తోటవాళ్ళింటికి మామిడిపళ్ళు పట్టుకెళ్ళడమంటే "మీ తోట ఏం కాసిందిలెండి, పాపం ఇవి తినండి" అని మొహం మీద చెప్పడమే. ఇంత గొప్ప శాస్త్రాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. అందువల్ల ఉంగుటూరు వాళ్ళకి అది తెలియలేదు.

ఉంగుటూరు వాళ్ళంటే నన్ను చూసుకోవడానికి వచ్చినవాళ్ళు. వరి తప్ప ఇంకో పంట మొహం ఎరగని మనుషులు. వస్తూ వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే పక్కన ఒక పళ్ళకొట్టు ముందు కారాపి, 'అసలైన నూజివీడు చిన్నరసాలు' అని అచ్చేసిన అట్టపెట్టె ఒకటి కొన్నారు. ఆ నూజివీడు రసాల్ని భద్రంగా నూజివీడు తీసుకొచ్చి, నవ్వుతూ మా నాన్న చేతుల్లో పెట్టారు. నాన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసిన అమ్మ గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

మా నాన్న గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు. కళ్ళకి గంతలు కట్టి కాయ ముక్కు దగ్గర పెడితే చాలు, అది ఏ తోటలో ఏ చెట్టుదో చెప్పేస్తానని ఆయన నమ్మకం. (గంతలు కట్టి పరీక్ష పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్ల ఆ నమ్మకం చెక్కు చెదరకుండా ఉంది.) ఆ ఏడాది మోకాళ్ళ నొప్పులతో కాపలా కాయలేక, ఇంటి వాడుకకి రెండు చెట్లు మాత్రం ఉంచుకుని, మిగతా కాపంతా పూత మీదే ఒక వ్యాపారికి గుత్తకిచ్చేశాడు. "వాడు ఎప్పుడు కోసుకుంటాడో, ఎక్కడ అమ్ముకుంటాడో మనకెందుకు?" అనేవాడు ధీమాగా. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

పెళ్ళిచూపులు మాత్రం బాగానే జరిగాయి. మా వైపు తోట చూపించకుండా పిల్లని చూపించరు కాబట్టి, ముందు నీలం రంగు గేటు తీసి అందర్నీ తోట తిప్పారు, ఆ తర్వాత నన్ను చూపించారు. అంతకుముందు వచ్చిన ఇద్దరు పెళ్ళికొడుకులూ కుర్చీలో ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళారు. ఈ కళ్ళజోడు అబ్బాయికి మా అమ్మ, ఇంటికని ఉంచుకున్న చెట్టున ముందుగా పండిన రసం ఒకటి పెడితే, చెంచా ఏదండీ అని అడిగాడు. రసాన్ని చెంచాతో తింటానన్న మనిషిని మా ఇంట్లో అదే మొదటిసారి చూడడం. నాన్న జాలిపడి ఎలా పిసికి జుర్రుకోవాలో చూపించాడు. అబ్బాయి పిసికాడు. రసం సరాసరి తెల్ల చొక్కా మీద పడింది. వాళ్ళమ్మగారు అయ్యయ్యో అంటుంటే అతను మాత్రం చొక్కా చూసుకుని పగలబడి నవ్వాడు. నాకు అక్కడే నచ్చేశాడు. జాతకాలు, జీతాలు చూసేవాళ్ళు చూసుకోనీండి, చొక్కా పాడైతే నవ్వే మొగుడు దొరకడం అంత తేలికా?

ఇంటికెళ్ళి కబురు చేస్తామని వాళ్ళు వెళ్ళారు. కారు మలుపు తిరగ్గానే నాన్న పెట్టె విప్పాడు. పైన పసుపు పూసినట్టు నిగనిగలాడుతున్నాయి. కోస్తే లోపల టెంక చుట్టూ తెల్లగా ఉంది. నోట్లో పెట్టుకుంటే పులుపుకి చెవుల్లోంచి నీళ్ళొచ్చాయి.

"పైన పటారం, లోన లొటారం! టెంకైనా ముదరని కాయని మందు పెట్టి పండేశాడు. దీనికి నూజివీడు పేరు! పోతున్నది ఎవరి పేరే? మన పేరు! రేపు పొద్దున్నే తీసుకెళ్ళి వాడి మొహాన కొడతాను."

"మంచి పనికొచ్చినవాళ్ళు తెచ్చిన పళ్ళు తిరిగిచ్చేస్తారా ఎవరైనా?" అంది అమ్మ. "ఉప్పూ కారం చూసుకుని పప్పులో వేస్తాను, ఊరుకోండి. గాలికి పోయే కంప ఒంటికి తగిలించుకోవడం మీకు మొదట్నించీ సరదా."

"నేను ఇచ్చేది వాళ్ళకి కాదుగా, కొట్టువాడికి."

నాన్న దృష్టిలో ఈ రెండింటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. నాకు మాత్రం ఒక్కటే కనిపించింది. మీరిచ్చిన పళ్ళు కొట్టుకి తిరిగొచ్చాయన్న మాట ఉంగుటూరు చేరిందో, కబురు రాదు. ఆ నవ్వే అబ్బాయి ఇంకెవరింట్లోనో ఇంకో చొక్కా పాడుచేసుకుంటాడు. ఎలాగైనా నాన్నని ఆపాలని తెల్లారేసరికి స్కూటర్ దగ్గర నిలబడ్డాను. ఆపడానికి నోరు తెరిచేలోపే, "వచ్చావా? మంచి పని చేశావు. నువ్వెనక కూర్చుని పెట్టె పట్టుకో" అన్నాడు. ఆ విధంగా పెళ్ళికొడుకు తరఫు వాళ్ళిచ్చిన కానుకని తిరిగిచ్చేయడానికి పెళ్ళికూతురే ఒళ్ళో పెట్టుకుని బయల్దేరింది. ఈ ఘనత మా జిల్లాలో ఇంకెవరికైనా దక్కిందేమో నాకు తెలియదు.

కొట్టతను మర్యాదస్తుడే. స్టూలు వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, చల్లగా అడిగాడు. "బిల్లుందాండి?"

"మామిడికాయకి బిల్లేంటయ్యా! పెట్టె మీద నీ కొట్టు పేరు కనపడట్లా?"

"పెట్టె మాదేనండి. లోపలి కాయ మాదని గ్యారంటీ ఏంటండి? పైగా ఇందులో కాయలు తగ్గాయి కూడా."

"రుచి చూడకుండా పుల్లగా ఉందని కలగంటామా? నీ డబ్బులు నాకక్కర్లేదు. ఈ కాయ నీ కొట్టులో ఉండాలి, నా ఇంట్లో ఉండకూడదు. అంతే!"

డబ్బులొద్దు, సరుకు తీసుకో అనే కస్టమర్ని అతను జీవితంలో చూసి ఉండడు. ఇందులో ఏదో మోసం ఉందని అప్పుడే అతనికి గట్టి అనుమానం వచ్చింది. ఈలోగా నాన్న గొంతుకి హైవే మీద వెళ్ళే కార్లు రెండు ఆగాయి. జనం దొరికేసరికి నాన్నకి ఉపన్యాసం వచ్చేసింది. "అసలు ఏ బుద్ధిలేనివాడి తోటయ్యా ఇది? టెంక ముదరకుండా కాయ కోయనిచ్చినవాడు రైతేనా? అలాంటివాడికి మామిడి తోటెందుకు? కొట్టేసి సరుగుడు వేసుకోమను!" నేను చున్నీ మొహానికి చుట్టుకుని, ఈ పెద్దాయన ఎవరో నాకు తెలియదన్నట్టు అరటిగెలల్ని పరిశీలిస్తున్నాను.

"నిన్న ఉంగుటూరు వాళ్ళు కొన్నదయ్యా ఇది, తెల్ల కారులో వచ్చారు" అన్నాడు నాన్న.

"ఆ కళ్ళజోడు అబ్బాయా? ఆయన నంబరుందండి. నిన్న స్కానర్ పనిచెయ్యక, డబ్బులు పడకపోతే చేస్తానని తీసుకున్నాను. కొన్నాయన ఔనంటే అలాగే తీసుకుంటా" అంటూ అతను ఫోన్ తీశాడు. వద్దు నాన్నా అని నేను చెయ్యి పట్టుకు లాగాను. "చెయ్యనీ. నిజానికి భయమేంటి?" అన్నాడు హరిశ్చంద్రుడు. కొట్టతను ఫోన్ స్పీకర్లో పెట్టి బంగినపల్లి కుప్ప మీద ఆనించాడు. నా పెళ్ళి ఆ కుప్ప మీద కూర్చుంది.

"నిన్న మీరు కొన్న రసాల పెట్టె ఎవరో పెద్దాయన తిరిగి తెచ్చారండి. బిల్లు లేదు. మీదేనా అని..."

అవతలి నుంచి ఆ అబ్బాయి గొంతు. "పెద్దాయనా? గొంతు కొంచెం పెద్దగా ఉంటుందా అండి?"

"కొంచెం కాదండి."

"అయితే మాదే. తీసేసుకోండి. వాళ్ళ తప్పేం లేదండి, మాదే తప్పు. తోట ఉన్నవాళ్ళింటికి మామిడిపళ్ళేంటి, ఆపిల్స్ కొందామని దారంతా మొత్తుకున్నాను. మా అమ్మ వింటేగా!"

నాన్న మొహంలో బిగువు సడలింది. నా ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగుంటే సరిపోయేది. కానీ బేరం కోసం ఆగిన జనం ముందు తన సరుకు పరువు పోతుంటే కొట్టతను ఎలా ఊరుకుంటాడు? "తీసుకోవడానికేం లేదండి. కానీ కాయని మాత్రం అనకండి. ఇది అల్లాటప్పా తోటది కాదు. నూజివీడు దాటాక ఎడం చేతి పక్క, రేకుల షెడ్డూ నీలం గేటూ ఉన్న తోటది. గుత్తకి తీసుకున్నాయనే స్వయంగా తెచ్చి దింపాడు. ఆ రైతు మహా కోపిష్టంట గానీ తోట మాత్రం బంగారమంటండి!"

నాన్న ఒక కాయ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. సరుగుడు వేసుకోవాల్సిన బుద్ధిలేనివాడెవడో జనానికి తెలియదు, నాకూ ఆయనకీ తెలుసు.

బంగినపల్లి కుప్ప మీంచి గొంతు వచ్చింది. "నీలం గేటా అండి?"

"ఆ, మీకూ తెలుసాండి?"

"నిన్ననే చూశాను." అటునుంచి నవ్వు. చొక్కా మీద రసం పడ్డప్పటి నవ్వే. "మరింకా రిటర్న్ ఎందుకండీ? నిన్నే రిటర్నయిపోయాయిగా. తోటవి తోటకే చేరాయి!"

నాన్న పెట్టె తీసి మళ్ళీ నా ఒళ్ళో పెట్టాడు. "ఏంటండీ, తీసుకెళ్ళిపోతున్నారా?" అని కొట్టతను వెంటబడితే, "కాయ మంచిదేలేవయ్యా" అని గొణిగి స్కూటర్ స్టార్ట్ చేశాడు. నూజివీడు పొలిమేరలో స్కూటర్ నెమ్మది చేసి, తల తిప్పకుండానే, "కుర్రాడు వరి మనిషే గానీ మాట తెలిసినవాడే" అన్నాడు. సాయంత్రానికి ఉంగుటూరు నుంచి కబురొచ్చింది. ఆ వారమంతా మా ఇంట్లో మామిడికాయ పప్పు. మరుసటి సంవత్సరం నుంచి నాన్న తోట గుత్తకివ్వలేదు, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ తనే దగ్గరుండి కోయిస్తున్నాడు.

ఇప్పటికీ ప్రతి వేసవికీ పుట్టింటికి వెళుతుంటే మా ఆయన ఆ కొట్టు దగ్గర కారాపుతారు, పెట్టె కొంటారు, ఆ కొట్టతను అడక్కుండానే బిల్లు రాసిస్తాడు. నాన్న ఆ పెట్టె విప్పి ఒక్కో కాయనీ చీల్చి చెండాడితే గానీ మాకు వేసవి వచ్చినట్టుండదు. కానీ ఈ మధ్య నాన్న కోపం తగ్గింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటున్నారు. నాకే ఎందుకో అది బాగోలేదు, కాస్త భయంగా కూడా ఉంది. ఈ ఏడు పెట్టె చేతిలో పెడితే ఒక కాయని నొక్కి చూసి, "బాగానే ఉందిలే అమ్మా" అని పక్కన పెట్టేశాడు. నేను తిన్నాను. చెవుల్లోంచి నీళ్ళొచ్చాయి.

"ఇది బాగుందా! టెంకైనా ముదరలేదు! ఏ బుద్ధిలేనివాడి తోట నాన్నా ఇది?" అని నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. మా ఆయన ఫోన్లో ఏదో అర్జంటు పని ఉన్నట్టు నటించారు. అమ్మ గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. చున్నీ చుట్టుకుని అరటిగెలల చాటున నక్కిన ఆ పిల్ల ఎటు పోయిందో గానీ, ఉంటే నన్ను చూసి సిగ్గుతో చచ్చిపోయేది. నేను స్కూటర్ తాళాలు తీశాను.

"నాన్నా, లే. నువ్వెనక కూర్చుని పెట్టె పట్టుకో."

నాన్న చెప్పులు వెతుక్కుంటూ, చాలా రోజుల తర్వాత ఆ పాత గొంతుతో, వీధంతా వినపడేలా అడిగాడు.

"బిల్లుందా?"